కోడలి జలపాతం

తగన్ తాత ఇంట్లో తెల్లారగానే మొదట నోరు తెరిచేది గిన్నె మూత.

అది ఒకసారి టంగుమంటే టీ తయారని. రెండుసార్లు మోగితే తందూరులోంచి రొట్టెలు తీశామని. మూడు మోగి, కాస్త ఆగి, ఇంకొకటి మోగితే రక్తపోటు మాత్ర ఇంకా వేసుకోలేదని. మూత అంచు గిన్నె మీద గీరుకుంటే బయట ఇసకగాలి లేచింది, మెడకేమైనా చుట్టుకోమని. ఈ మూత భాషలో తాతకి మూడువందల అరవై మాటలు వచ్చు. రష్యన్‌లో కూడా అన్ని రావు.

మూతలు మోగించేది కోడలు అక్‌నబాత్. ఆ ఇంటికొచ్చి ముప్ఫై ఒక్క ఏళ్ళయింది. ఇన్నేళ్ళలో మామగారితో ఒక్క మాట మాట్లాడలేదు.

నోరు లేక కాదు. మామగారు ఊళ్ళో లేనప్పుడు ఆమె వీధిలో నిలబడి మేకని కేకేస్తే కొండలకవతల ఇరాన్‌లో మేకలు మేత మానేసి తలెత్తేవి. బజార్లో పుచ్చకాయ బేరం మొదలుపెడితే, అది తెగేసరికి అమ్మేవాడికి గడ్డం పెరిగేది. అంత మాటకారీ, గుమ్మంలో మామగారి దగ్గు వినబడగానే తలరుమాలు కొస లాగి పళ్ళ మధ్య బిగించేసేది. అంతటితో తాళం పడ్డట్టే.

వాళ్ళ ఊరు గిజిలర్బత్‌లో కొత్త కోడళ్ళందరూ చేసేదే అది. అత్తమామల ముందు రుమాలు కొస కరుచుకుని ఊరుకోవాలి. ఒక బిడ్డ పుట్టాక ఇంటి పెద్ద ఓ పట్టుగుడ్డ చేతిలో పెట్టి, "ఇక నోరు విప్పమ్మా" అంటే అక్కడికి సరి. ఆ తర్వాత మళ్ళీ మూయించడానికి ఎన్ని పట్టుగుడ్డలిచ్చినా లాభముండదనుకోండి, అది వేరే సంగతి. అక్‌నబాత్ కొస మాత్రం పళ్ళలోనే ఉండిపోయింది.

ఆమె మొగుడు యాజ్‌మురాత్ ఉన్నన్నాళ్ళూ ఇబ్బంది లేకపోయింది. పెళ్ళాం చెవిలో చెప్పింది నాన్నకి చేరేసేవాడు. ఇరవై తొమ్మిదేళ్ళు ఇద్దరి మధ్యా మాటలు మోసీ మోసీ వాడి నడుం వంగిపోయిందని వీధిలో వేళాకోళం చేసేవారు. రెండేళ్ళ క్రితం చలికాలంలో యాజ్‌మురాత్ పోయాడు. అప్పట్నుంచీ ఆ ఇంట్లో మూతలే దిక్కు.

తాత దీనికి తనకు తోచిన అర్థం చెప్పుకున్నాడు. తన భార్య షెమ్‌షాత్, మనవరాలు పుట్టిన వారానికే కోడలికి పట్టుగుడ్డ ఇచ్చేసి ఉంటుందని ఆయన నమ్మకం. ఆయన అప్పుడు ఊళ్ళో లేడు, ఎడారిలో బావి తవ్వుతున్నాడు. తిరిగొచ్చేసరికి షెమ్‌షాత్ మట్టిలో కలిసిపోయింది, కోడలు మూగగా టీ పెట్టింది. నోరు విప్పే వీలుండీ విప్పలేదంటే ఇంకేముంటుంది? నేనంటే ఇష్టం లేదు, అనుకున్నాడు తాత. ముప్ఫై ఏళ్ళుగా పొద్దున్నే ఆ మాటనీ టీతోపాటు మింగుతున్నాడు.

ఇప్పుడు పెద్దకొడుకు నూర్‌బెర్ది ఆదివారం రైలుకి వస్తున్నాడు. నాన్నని అష్గాబాత్‌లో పదకొండో అంతస్తులోని తన ఇంటికి తీసుకుపోవడానికి.

"మాట్లాడని మనిషి దగ్గర నిన్నెలా వదిలేయను నాన్నా?" అన్నాడు ఫోన్లో. "నువ్వు జారిపడితే ఆవిడ మూత కొట్టి అంబులెన్సుని పిలుస్తుందా?"

"భూమి లోపలికి ఎంతైనా దిగుతాను గాని, పైకెందుకురా?" అన్నాడు తాత.

"లిఫ్టుంది నాన్నా."

తాత ఫోను పెట్టేసి వంటగది వైపు చూశాడు. అక్కడ అక్‌నబాత్ వీపు కనబడుతోంది. ఆ పిల్ల ఒక్కసారి ఉండమంటే చాలు. ఇనప గొలుసులు కట్టి ఏడు ఒంటెల చేత లాగించినా ఆయన గుమ్మం దాటడు. గొంతు పెంచి, గోడకి చెప్పినట్టు అన్నాడు:

"ఆదివారం పెద్దాడొస్తున్నాడు. వెళ్ళమంటే వెళతాను. వద్దంటే మానేస్తాను."

వంటగదిలో మూత పైకి లేచింది. గాల్లో ఆగింది. మళ్ళీ చప్పుడు లేకుండా గిన్నె మీద కూర్చుంది. మూడువందల అరవై మాటలున్న ఆ భాషలో 'ఉండండి' అనే మాట లేదు.

ఆ సమయంలోనే పక్కింటి బోసాన్ ముసలమ్మ గోడ మీంచి తల పెట్టి అరిచింది. "ఒసేయ్ అక్‌నబాత్! వచ్చిందే! రాత్రి వానకి దిగిపోయిందట! రేపు పొద్దున్నే బస్సు!"

వచ్చిందంటే జలపాతం. అది పదకొండు నెలలు ఉండదు. కొండల మీద మంచు కరిగి, ఒక మంచి వాన పడ్డాక మూడు వారాలు దూకుతుంది, తర్వాత మళ్ళీ ఎండురాయే. ఊళ్ళో దాన్ని కోడలి జలపాతం అంటారు. ఎందుకంటే తెల్లగడ్డం కనబడితే అది ఊరుకుంటుంది. నీళ్ళు ఉన్నపళంగా కొండ అంచున ఆగి, మడతపడి, ముడుచుకుంటాయి. గడ్డం మలుపు తిరిగి వెళ్ళిపోయాక మళ్ళీ హోరుమంటాయి. అందుకని ముసలాళ్ళు చివరి మలుపుకి ఇవతలే ఒక బండ మీద కూర్చుని, టీ తాగుతూ, ఆ హోరు విని ఇళ్ళకొచ్చేస్తారు. ఆ బండ పేరు మామగారి బండ. ఒకసారి చుట్టపుచూపుగా వచ్చిన లెక్కల మాస్టారొకాయన గడ్డానికి నల్లరంగేసుకుని వెళ్ళాడు. జలపాతం అర నిమిషం దూకి, గడ్డం మొదళ్ళు చూసి, ఠక్కున ఆగిపోయింది. ఆయన ఆ సిగ్గుతో తిన్నగా స్టేషనుకే నడిచాడట.

దీనికి ఊళ్ళో ఎవరూ ఆశ్చర్యపోరు. కోడలన్నాక మరి.

తగన్ తాత ఆ జలపాతాన్ని ఎప్పుడూ చూడలేదు. గడ్డం నల్లగా ఉన్న రోజుల్లో వసంతం వచ్చిందంటే ఆయన కారాకుమ్ ఎడారిలో ఉండేవాడు. ఒక్కో బావీ నూటయాభై మీటర్లు. లోపలికి దిగితే పైన ఆకాశం చొక్కా గుండీ అంత కనబడేది. ఎన్ని బావులు తవ్వాడంటే, ఆయన తీసిన మట్టే పోగేస్తే కోపెత్ కొండలకి ఇంకో కొండ తోడయ్యేది. జీవితమంతా నీళ్ళని కిందనుంచి పైకి లాగిన మనిషి ఆయన. ఒంటెకి తాడు కట్టి, తోలుసంచీలో, చుక్క ఒలకకుండా. పైనుంచి తనంతట తనే కిందికొచ్చే నీళ్ళని చూడటం రాసిపెట్టి లేదు.

గోడ దగ్గరికి వెళ్ళి అన్నాడు. "బోసాన్, రేపు నేనూ వస్తున్నా."

"నువ్వా తగన్ అన్నా? ఎనభయ్యారేళ్ళ ముసలాడివి, వచ్చి ఏం చూస్తావు? తడిరాయా?"

"తడిరాయినే చూస్తాలే. పదకొండో అంతస్తులో అదీ ఉండదుగా."

బోసాన్ ఆయన మొహం చూసింది. "సరే, గాడిదని తెప్పిస్తా. అది నీకంటే చిన్నదే."

ఆ సాయంత్రం తాత షెమ్‌షాత్ పెట్టె తెరిచాడు. ఆయన ఆలోచన ఆయనకుంది. కోడలు నోరు విప్పాలంటే ఇంటిపెద్ద గుడ్డ పెట్టాలి. ఆ జలపాతానికి ఇన్ని వందల ఏళ్ళుగా ఎవరైనా పెట్టారా? ఒక్క ముసలాడికీ తట్టలేదు. బండ మీద కూర్చుని టీలు తాగడం తప్ప ఏం తెలుసు వీళ్ళకి? పెట్టె అడుగున, ఎండిన మాచిపత్రి మధ్య, ఒక ఎర్రపట్టు గుడ్డ కనిపించింది. కొత్తది, మడత విప్పనిది. ఎవరికోసం దాచిందో పిచ్చిది, అనుకుని కోటు లోపల పెట్టుకున్నాడు.

బస్సు లోయ మొదట్లో దింపేసింది. అక్కణ్ణుంచి మూడు గంటల నడక. ఆడవాళ్ళు పన్నెండుమంది, ముసలాళ్ళు ముగ్గురు, గాడిద ఒకటి. తాత గాడిద మీద కూర్చున్నాడు. అక్‌నబాత్ పగ్గం పట్టుకుని ముందు నడిచింది, వీపు ఆయనవైపు, కొస పళ్ళలో.

కొండల కింద గసగసాల పూలు పూసి ఉన్నాయి. ఎంత ఎర్రగా అంటే, వాటి మధ్యనుంచి నడిచినవాళ్ళ మోకాళ్ళు మూడురోజులు ఎర్రగానే ఉంటాయి. తాబేళ్ళు చలికాలపు నిద్ర లేచి, మట్టి వీపులతో, ఎటు పోవాలో గుర్తులేనట్టు దారి మధ్యలో నిలబడ్డాయి. వాటికి దారిచ్చి నడుస్తుంటే ఎవరికీ తొందర లేకుండా పోయింది. లోయ సన్నబడింది. రాతిగోడల మీద అడవిమేకల కొమ్ములు గుచ్చిన పాతసమాధి ఒకటి దాటారు, అక్కడ ప్రతివాళ్ళూ మొక్కుకుని ఒక గుడ్డపీలిక కట్టారు. ఆ పైన జూనిపరు చెట్ల వాసన, ఎండ, ఎక్కణ్ణుంచో వేళ్ళ సందుల్లోంచి కారినట్టు నీటి తడి. వాగు మొదట ఒక తడిమరకలా కనిపించింది, తర్వాత దారంలా, తర్వాత రుమాలంత. దాన్ని పద్నాలుగుసార్లు దాటాలి. దాటినప్పుడల్లా అందరూ ఒక ఏడు వయసు తగ్గినట్టు నవ్వారు.

"తగన్ అన్నా, ఎడారిలో నీళ్ళ వాసన పట్టేవాడివట కదా, ఇప్పుడేం వాసనొస్తోంది?" బోసాన్ వెనకనుంచి అరిచింది.

"నీ ఉల్లిపాయ రొట్టె వాసన. అదొచ్చాక ఇంకేం తెలుస్తుంది?"

"నీకు పెట్టనుగా!"

"అందుకే వాసనతో సరిపెట్టుకుంటున్నా."

ముసలాళ్ళలో గెల్ది అనే ఆయనకి ఒక్క పన్ను లేదు, నోటికి హద్దూ లేదు. "మలుపు దాకానే తగన్," అన్నాడు. "ఆపైన అడుగుపెడితే ఆడవాళ్ళు తిడతారు. నీళ్ళు పట్టుకోవాలి, స్నానాలు చేయాలి, ఏడాదంతా దాచుకున్న గోడు వెళ్ళబోసుకోవాలి. నువ్వెళ్ళి ట్యాపు కట్టేసినట్టు కట్టేస్తావు."

"ఒక్క మాట చెప్పి వచ్చేస్తా."

"ఎవరికి?"

"దానికే."

గెల్ది గాడిదకేసి చూసి, "నువ్వైనా చెప్పు," అన్నాడు.

మామగారి బండ దగ్గర అందరూ ఆగారు. అక్‌నబాత్ తాతని దింపి, బండ మీద దుప్పటి పరిచి, ఫ్లాస్కు పెట్టి, మూత ఒకసారి కొట్టి ఆడవాళ్ళతో మలుపు తిరిగింది. తాత చెవులు రిక్కించాడు. మొదట హోరు. వెయ్యి ఒంటెలు ఒక్కసారే నీళ్ళు తాగుతున్నట్టు. తర్వాత ఆ హోరు మధ్యలో ఒక నవ్వు. బావి గిలక నూనె తాగి మొదటిసారి తిరిగినట్టు గలగలమనే నవ్వు. ఆ వెంటే మాటలు, తెరిపి లేకుండా, పొంగుతూ.

"ఎవరది?" అన్నాడు.

గెల్ది టీ ఊదుకుంటూ వింతగా చూశాడు. "నీ కోడలే. నీ ఇంట్లో మనిషి గొంతు నీకు తెలీదా?"

తాత ముప్ఫై ఒక్క ఏళ్ళు ఒకే పొయ్యి మీద వండింది తిన్నాడు, ఆ నవ్వు వినలేదు. టీ చల్లారింది. అప్పుడు లేచి, కర్ర తీసుకుని, గెల్ది "ఒరేయ్, ఒరేయ్" అంటున్నా వినకుండా మలుపు తిరిగాడు.

హోరు ఆగిపోయింది.

కొండ అంచున, అరవై అడుగుల ఎత్తులో, నీళ్ళన్నీ మడతలు మడతలుగా ముడుచుకుని నిలబడ్డాయి. కొస ఒకటి రాతి పెదవుల మధ్య నొక్కి పట్టుకున్నట్టుంది. కింద మడుగులో చివరి అల ఒడ్డుకి తగిలి సద్దుమణిగింది. ఆడవాళ్ళు బిందెలతో, సబ్బు మొహాలతో, తడిబట్టలతో తిరిగి చూశారు. అక్‌నబాత్ నోరు సగం మాటలో ఉంది. ఆమె కూడా రుమాలు కొస పళ్ళలోకి లాక్కుంది.

ఇద్దరూ ఒక్కలాగే ఆగారు.

"నీ గడ్డం తగలెయ్య!" అంది బోసాన్, సగం తల సబ్బుతో. "కళ్ళు మండుతున్నాయి, నీళ్ళెక్కణ్ణుంచి తేను?"

"ఒక్క నిమిషం బోసాన్." తాత చెప్పులు విడిచి, మడుగు ఒడ్డు రాళ్ళ మీదికి వెళ్ళాడు. టోపీ సరిచేసుకున్నాడు. పైకి చూసి, మనిషితో మాట్లాడినట్టే మాట్లాడాడు.

"అమ్మా, నేను తగన్‌ని. బావులు తవ్వేవాణ్ణి. మీ వాళ్ళని చాలామందిని పైకి తెచ్చాను, కొట్టి లాగలేదు, బతిమాలి తెచ్చాను. నిన్ను ఇన్నాళ్ళూ ఎవరూ అడగలేదట. తప్పు మాదే. పెద్దవాళ్ళం బండ మీద కూర్చున్నాం గాని నీకో గుడ్డ పెట్టాలని తట్టలేదు. ఇదిగో. ఎల్లుండి నన్ను తీసుకుపోతున్నారు. మళ్ళీ రాను. నోరు విప్పమ్మా."

ఎర్రపట్టు తీసి రాయి మీద పరిచాడు.

పైనుంచి మూడు చుక్కలు పడ్డాయి. నాలుగోది పడలేదు.

"ఇంకేం కావాలి దీనికి?" అన్నాడు తాత.

బోసాన్ సబ్బుకళ్ళు నులుముకుంటూ వచ్చి ఆ గుడ్డ అందుకుంది. అంచు తిప్పి చూసింది. అంచున నల్లదారంతో చిన్న కుట్టు ఉంది.

"ఇది నేను నేసింది," అంది. "షెమ్‌షాత్ నేయించుకుంది, మీ మనవరాలు కడుపులో ఉండగా. అక్‌నబాత్ నోరు విప్పించడానికి. ఇది నీ దగ్గరెందుకుంది?"

"పెట్టెలో ఉంది."

"పెట్టెలో ఎందుకుంది?"

తాతకి కాళ్ళ కింద నీళ్ళు చల్లగా తగిలాయి. "షెమ్‌షాత్ ఇచ్చేయలేదూ? నేను ఎడారిలో ఉన్నప్పుడు?"

"ఇస్తానని పట్టుకెళ్ళింది. నేనే అడిగాను, ఇవ్వవేమే అని. 'ఇంటిపెద్ద ఆయన. ఆయన చేత్తో ఇస్తేనే అందం. శీతాకాలానికి వచ్చేస్తాడుగా' అంది. అంతలోనే జ్వరం దాన్ని తీసుకుపోయింది." బోసాన్ గొంతు తగ్గించింది. "నువ్వు వచ్చాక ఇచ్చే ఉంటావనుకున్నాను. ఈ పిల్లేమో మామగారంటే మరీ గౌరవం, అందుకే విప్పడంలేదు అనుకున్నాను. ఊరంతా అదే అనుకుంది. మా కోడళ్ళకి దీన్ని చూపించి నేర్చుకోమని తిట్టాను కూడా."

పైన నీళ్ళు కదలకుండా ఎదురుచూస్తున్నాయి.

తాత గుడ్డ తీసుకున్నాడు. నూటయాభై మీటర్ల లోతులో ఇసుక కూలుతున్నప్పుడు తాడు పట్టుకున్నట్టు గట్టిగా పట్టుకున్నాడు. రాళ్ళ మీద ఒక్కో అడుగే వేసుకుంటూ కోడలి ముందుకొచ్చి నిలబడ్డాడు. ఆమె తల దించుకుంది. ఆ తలలో సగం తెల్లబడిందని ఆయన అప్పుడే చూశాడు.

"అక్‌నబాత్," అన్నాడు. ఆ పేరు ఆయన నోట రావడమూ దాదాపు మొదటిసారే. "దీన్ని నీకు ముప్ఫై ఏళ్ళ క్రితం ఇవ్వాలి. నేను ఎవరో ఇచ్చారనుకున్నాను. నీకు నేనంటే గిట్టదనుకున్నాను. నోరు విప్పమ్మా. విప్పి తిట్టినా సరే."

ఆమె రెండుచేతులతో గుడ్డ అందుకుని కళ్ళకద్దుకుంది. రుమాలు కొస పళ్ళలోంచి జారింది. పెదవులు రెండు మూడుసార్లు ఊరికే కదిలాయి, తుప్పుపట్టిన గడియలా. తర్వాత మాట వచ్చింది.

"మామయ్యా, ఆ తడిరాయి మీద నిలబడకండి. జారిపడతారు."

కొండ మీంచి నీళ్ళు దూకాయి.

ఎలా దూకాయంటే, బిందెలు పన్నెండూ ఒక్కసారే నిండిపోయాయి, బోసాన్ తలమీది సబ్బు గిజిలర్బత్ దాకా కొట్టుకుపోయింది, మామగారి బండ మీద గెల్ది చేతిలోని టీ పల్చబడింది. తెల్లగడ్డం ఎదురుగానే ఉంది. నీళ్ళు లెక్కచేయలేదు. ఎండలో అవి ఏ రంగో తాత చెప్పలేకపోయాడు. జీవితమంతా చీకట్లో తాకి చూసిన నీటిని మొదటిసారి నిలువెత్తున చూశాడు. ఆయన గడ్డం తడిసింది, కోటు తడిసింది. కోడలు ఆయన జబ్బ పట్టుకుని పొడిరాయి మీదికి లాగింది. లాగుతూ మాట్లాడుతూనే ఉంది.

"మీరు కావాలనే ఇవ్వలేదనుకున్నాను. నాదే తప్పనుకుని మీ అబ్బాయికీ చెప్పలేదు. పెళ్ళయిన మూడోరోజు వాకిట్లో మీ బావిమోకు పరిచి ఉంటే చూడక దాటేశాను. ఆడది దాటిన తాడుతో తవ్వితే నీళ్ళు చెడతాయంటారుగా. మీరు ఆ తాడే తీసుకెళ్ళారు. ఆ బావిలో ఉప్పునీళ్ళు పడ్డాయి. మీ రెండేళ్ళ కష్టం నావల్లే పోయిందని, అందుకే నా మొహం చూడడానికి ఇష్టం లేక..."

"ఏ బావి?" అన్నాడు తాత అయోమయంగా. తర్వాత గుర్తొచ్చింది. "ఆ బావా! అక్కడ తవ్వొద్దని మా గురువు మూడుసార్లు చెప్పాడు. నేనే పెద్ద పోటుగాడిలా వినలేదు. తాడుదేముందమ్మా? ఒంటె దాటింది, మేకలు దాటాయి, నేనే తాగి రెండుసార్లు దాటాను."

అక్‌నబాత్ నోరు తెరిచి అలాగే ఉండిపోయింది. ఆ రోజు మొత్తానికి ఆమె ఊరుకున్నది ఆ ఒక్క క్షణమే. తర్వాత ఏడ్చింది, తర్వాత నవ్వింది, మలుపు అవతలనుంచి విన్న ఆ నవ్వే. తర్వాత కొండ దిగినంతసేపూ మాట్లాడింది. వాగు పద్నాలుగుసార్లు దాటుతూ మాట్లాడింది. తాబేళ్ళు తలలు లోపలికి లాక్కోవడం మర్చిపోయి విన్నాయి. బస్సులో మాట్లాడుతుంటే డ్రైవరు ఊరు దాటించి ఎడారిలోకి పోనిచ్చి, అటునుంచి వెనక్కి తెచ్చాడు.

ఆదివారం నూర్‌బెర్ది వచ్చాడు. ఖాళీ సూట్‌కేసు ఒకటి తెచ్చుకున్నాడు, నాన్న బట్టలకని. తమ్ముడి పెళ్ళాం గొంతు వినడం అతనికీ అదే మొదలు, సూట్‌కేసు చేతిలో ఉండగానే గుమ్మంలో నిలబడిపోయాడు.

"రండి బావగారూ, కూర్చోండి, కాళ్ళు కడుక్కోండి, ముందు టీ తాగండి. ఎక్కడున్నాను మామయ్యా? ఆ, అత్తయ్య ఆ చలికాలం నాకు గొర్రెతోలు కోటు కుట్టించింది కదా, ఆ కోటు సంగతి..."

కోటు సంగతి గంటన్నర నడిచింది. గొర్రె ఎక్కడ పుట్టిందో, దాని తల్లి ఎలాంటిదో అన్నీ వచ్చాయి. నూర్‌బెర్ది మూడు కెటిళ్ళ టీ తాగాడు. "అది కాదు అక్‌నబాత్..." అని ఏడుసార్లు మొదలుపెట్టాడు. ఆమె ఊపిరి పీల్చుకునే సందు కోసం కాచుకున్నాడు. ఆమె ఊపిరి పీల్చుకోకుండా రొట్టె విరిచి అతని ముందు పెట్టింది.

చివరికి తండ్రి చెవిలో అన్నాడు. "నాన్నా, రైలు టైమవుతోంది. లే."

తాత చెయ్యి అడ్డం పెట్టాడు. "ఉండరా. మధ్యలో ఎలా లేస్తాను? ఇంకా మొదటి చలికాలంలోనే ఉంది."

"మొదటిదా? మొత్తం ఎన్ని?"

"ముప్ఫై ఒకటి. వరసగా చెబుతోంది. ఏదీ వదలనంది."

నూర్‌బెర్ది తండ్రి మొహంలోకి చూశాడు. ఆ మొహంలో ఎప్పుడూ లేని ఒక పని కనబడింది. సూట్‌కేసు తీసుకుని స్టేషనుకి వెళ్ళాడు. దాంట్లో అక్‌నబాత్ ఇరవై రొట్టెలు కుక్కి పంపింది.

ఆ ఏడు జలపాతం మూడు వారాలకి ఆగలేదు, పుచ్చకాయలు పండేదాకా దూకింది. అప్పట్నుంచీ ముసలాళ్ళు కూడా వెళ్ళి చూస్తున్నారు. మామగారి బండ మీద ఇప్పుడు మేకలు పడుకుంటున్నాయి.

ఇదంతా జరిగి పద్దెనిమిదేళ్ళయింది. తగన్ తాతకి నూటనాలుగు. గెల్ది పోయాడు, బోసాన్ పోయింది, ఆ గాడిదా పోయింది. పాత డాక్టరు రిటైరై వెళ్ళిపోతూ, ఈయన గుండె ఏ ఆధారంతో కొట్టుకుంటోందో తనకి తెలీదన్నాడు. గిన్నెల మూతలు గిన్నెల మీదే ఉంటున్నాయి. పొద్దున్నే అక్‌నబాత్ టీ పోసి, ఎదురుగా కూర్చుని, నిన్న ఆపిన చోటునుంచి అందుకుంటుంది. పోయిన నెలలో తొమ్మిదో ఏడాది అయిపోవచ్చింది. పదోదిలోకి అడుగుపెట్టబోతూ ఆమె ఒకసారి ఆగి మామగారికేసి చూసింది. ఆయన కళ్ళు లోతుకు పోయాయి, చేతిలో టీగిన్నె కాస్త ఎక్కువే వణుకుతోంది.

"అయ్యో, మామయ్యా," అంది, "నాలుగో ఏడు ఆ నల్లమేక సంగతి చెప్పడం మరిచేపోయాను. అది చెప్పకపోతే ఇదేమీ అర్థం కాదు. మళ్ళీ అక్కణ్ణుంచి రావాల్సిందే."

"రామ్మా," అన్నాడు తాత, గిన్నె రెండుచేతులతో పట్టుకుని వెనక్కి ఆనుకుంటూ. "దాని తల్లి దగ్గర్నుంచి చెప్పు."